బాత్రూం పేరు మీద లేచిన గది

"బాత్రూముకు షెల్ఫులెందుకు మామా?"

మనోజ ఈ మాట అడగడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ యోబు వినబడనట్టే తల వంచుకుని తాపీ కడుక్కున్నాడు. ఇప్పుడు కడగడానికి తాపీ మీద మాలు కూడా మిగల్లేదు.

ఆమె కంపెనీ వ్యాను దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది. ఒంటి మీద నీలం కోటు అలాగే ఉంది. మధ్యాహ్నం ఆదిబట్లలో ప్యాకింగు బల్ల దగ్గర నిలబడి డబ్బాలకు స్టిక్కర్లు అంటిస్తుండగా భర్త ఫోను చేశాడు. "ఇంజనీరు వచ్చి పోయిండు. ఫొటో కొట్టలే" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. అప్పటినుంచి ఆమె లోపల లోపల ఉడుకుతూనే ఉంది.

ఇంటికింకా కప్పు లేదు. సిమెంటు ఇటుకల గోడలు సజ్జల ఎత్తు దాటి నిలిచాయి, ఇక పైన స్లాబు పడాలి. గోడలు లేచాయని ఇంజనీరు తన ఫోనులో ఫొటో తీసి పైకి పంపితేనే సర్కారు నుంచి రెండో బిల్లు వస్తుంది. ఆ బిల్లు వస్తేనే స్లాబుకు స్టీలు. ఇందిరమ్మ ఇల్లు మంజూరైనప్పటినుంచి వాళ్ల బతుకు ఆ ఫొటోల చుట్టూనే తిరుగుతోంది.

"ఆరు వందల అడుగులు దాటొద్దన్నరు" అంది మనోజ. "మనం ఐదు వందల ఎనభైకి ప్లాను గీపిచ్చినం. ఆయన టేపు పట్టి కొలిస్తే ఆరు వందల డెబ్బై వచ్చిందట. ఈ తొంభై అడుగులు యాడికెళ్లి వచ్చినయ్ మామా?"

యోబు తాపీని బొచ్చెలో పెట్టాడు. అరవై ఆరేళ్ల మనిషి. నలభై ఏళ్ల మేస్త్రి పని వేళ్ల సందుల్లో తెల్లగా పేరుకుపోయి ఉంది. ఆయనకు బదులు కొడుకు జయపాల్ అందుకున్నాడు.

"ఎన్క ఉన్నదాన్ని గూడ ఇంట్ల కలిపి లెక్కగట్టిండు. వాళ్ల లెక్కలు గట్లనే ఉంటయ్."

"ఎన్కదంటే బాత్రూమే కదా? బాత్రూం అని చెప్పినవ్ నాకు. పునాది తీసేటప్పుడు అడిగిన. కట్టెల కొట్టం, బాత్రూం, గంతే అన్నవ్. తొమ్మిదడుగులు, పదడుగులు ఉన్నది అది. దానికి కిటికీ పెట్టిండ్రు. రెండు షెల్ఫులు పెట్టిండ్రు. ఇయ్యాల చూస్తే కరెంటు పైపు గూడ దింపిండ్రు ఫ్యానుకు. స్నానం చేసేటోళ్లకు ఫ్యాను గావాల్నా?"

జయపాల్ తన ట్రాలీ ఆటో తాళంచెవిని చేతిలో తిప్పుకుంటూ గోడ వైపు చూశాడు. అబద్ధం ఆడినప్పుడు అతడు మనుషుల వైపు చూడడు. పదహారేళ్ల కాపురంలో మనోజకు ఆ సంగతి బాగా తెలుసు.

"బేస్‌మెంట్ ఫొటో కొట్టి, మొదటి బిల్లు పడ్డంక తీసిండ్రు ఆ పునాది" అంది ఆమె, మాట మాటనూ తూచినట్టు. "ముందుగాల తీస్తే ఇంజనీరుకు దొరుకుతరని. నేను రెండో షిఫ్టుకు పోయిన వారంల తీసిండ్రు. ఇద్దరు గూడి చేసిన పనే ఇది. ఎవల కోసం?"

ఒక మూల ఇటుకల దొంతి మీద కూర్చున్న సుసన్న చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్త అలా చేసిందంటే జవాబు ఆమెకు తెలుసునన్నమాట. అంటే ఇంట్లో తెలియనిది తనకొక్కదానికే.

"లీదియా కోసం" అన్నాడు యోబు.

ఆయన గొంతులో తప్పు చేసినవాడి వణుకు లేదు. అదే మనోజను ఎక్కువ మండించింది.

లీదియా ఆయన పెద్దబిడ్డ, జయపాల్‌కు అక్క. నలభై ఒక్క ఏళ్లు. పెళ్లయిన పదకొండు నెలలకే మొగుణ్ని వదిలేసి వచ్చింది. అప్పటినుంచీ సిటీలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా చేస్తూ, వాళ్లిచ్చిన గదిలోనే మరో నలుగురు ఆడవాళ్లతో ఉంటోంది. నెలకొక ఆదివారం వచ్చి పోతుంది.

"దవాఖానోళ్లు ఆ గది తీసేస్తుండ్రట. నెలాఖరుకు ఖాళీ చేయాల్నట" అన్నాడు యోబు. "దానికి ఒక జాగ గావాలె. నేను మేస్త్రిని. నా బిడ్డకు ఒక గది కట్టిన. గిండ్ల తప్పేమున్నది?"

"తప్పు గది కాదు మామా. నన్ను అడగకపోవుడు తప్పు. మందికి నలభై ఏండ్లు ఇండ్లు కట్టినవ్ కదా. ఎవరింట్లనన్న ఇంటామెను అడగకుండ ఒక్క గోడ లేపినవా?"

అబద్ధం యోబుకు చేతకాదు, ఆడించే కొడుకు పక్కనుంటే తప్ప.

"లేపలే" అన్నాడు.

"మరి నా ఇంట్ల ఎట్ల లేపినవ్?"

పక్క సందులో ఎవరిదో నల్లా దగ్గర బిందెల చప్పుడు వినిపించింది.

"బుధవారం మళ్లొస్తనన్నడు ఇంజనీరు" అన్నాడు జయపాల్. "గప్పటిదాంక ఆరు వందల లోపుకు తెమ్మన్నడు. లేకుంటే ఎక్కువ కట్టిండ్రని రాసి పైకి పంపుతడట. ఇంక బిల్లు రాదు."

"అయితే రేపు కూలగొట్టు ఎన్క గది."

"ఎన్కది ఎందుకు?" యోబు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "ముందటి గోడ నాలుగడుగులు లోపలికి జరిపితే ఎనభై అడుగులు పోతయ్. లెక్క సరిపోతది. హాలు జర చిన్నగైతది, గంతే."

మనోజ నవ్వింది. అది నవ్వులా లేదు. ఆ హాల్లో ముందు కిటికీ పక్కన ఒక మూలను చెక్కలతో మూసి కూతురు స్తుతికి ఇవ్వాలని ఆమె ఆర్నెల్లుగా అనుకుంటోంది. స్తుతి గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. సెలవులకు ఇంటికొస్తే, పాత పెంకుటిల్లు కూల్చినప్పటినుంచి వాళ్లుంటున్న కిరాయి గదిలో చీర అడ్డం కట్టుకుని బట్టలు మార్చుకుంటోంది. నాలుగడుగులు పోతే ఆ మూల పోతుంది.

"అంటే నా బిడ్డ జాగ తీసి నీ బిడ్డకు ఇయ్యాలె" అంది. "ఇల్లు నా పేరు మీద. మాట మీది. మంచిగున్నది."

ఆమె గిరుక్కున తిరిగి, అడ్డంగా పడి ఉన్న ఇనుప బొచ్చెను కాలితో పక్కకు తన్ని బయటకు నడిచింది. ఆ చప్పుడుకు సుసన్న ఉలిక్కిపడింది.

ఆ పూట కిరాయి గదిలో నలుగురూ నాలుగు వైపులకు తిరిగి అన్నం తిన్నారు.

మరునాడు ఆదివారం. తెల్లచీర కట్టుకుని బైబిలు సంచిలో పెట్టుకున్న సుసన్న గుమ్మంలో నిలబడి కోడలి కోసం చూసింది. మనోజ బట్టలు నానబెడుతోంది.

"చర్చికి రావా?"

"రాను అత్తమ్మా. మీ పక్కన కూసోని ప్రార్థన చేసే మనసు లేదు నాకు. మీరు పోయిరాండ్రి."

యోబు అప్పటికే సందు మలుపు తిరిగాడు. వాళ్లిద్దరూ వెళ్లాక జయపాల్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి బకెట్టు పక్కన నిలబడ్డాడు.

"ఒకటి చెప్పాలె నీకు" అన్నాడు.

మనోజ సబ్బు చేతులతోనే తల ఎత్తింది.

"గది కూలగొట్టుడు అంత అల్కగ కాదు. జాగ కాయితం చేసినప్పుడు... అక్క సంతకం పెట్టింది కదా."

"పెట్టింది. మామ జాగ నా పేరు మీద చేస్తుంటే అభ్యంతరం లేదని ఇద్దరు పిల్లలు సంతకం పెట్టాలెనన్నరు. నువ్వు పెట్టినవ్, వదిన పెట్టింది. పంచాయతాఫీసుల నేను చూస్తుండంగనే కదా."

"అవ్. గని దానికి ముందటి రోజు అక్క వచ్చింది. నాకు అండ్ల సగం వస్తది కదా అన్నది. మాటవరసకే అన్నది. గప్పుడు బాపు, నీకు ఆ ఇంట్ల ఒక గది ఉంటది, సచ్చేదాంక ఎవ్వలు నిన్ను కదపరు అని మాటిచ్చిండు."

"నువ్వేడున్నవ్ గప్పుడు?"

"ఆడనే ఉన్న."

"ఏమన్నవ్?"

జయపాల్ బకెట్టులోకి చూశాడు. "అవ్ అక్కా అన్న."

మనోజ చేతుల మీది నురుగు మెల్లగా జారి నేల మీద పడింది. ఈ పది నెలలూ ఒక్కొక్కటిగా ఆమె కళ్ల ముందుకు వచ్చాయి. మంజూరు పత్రం చేతికిచ్చిన రోజు ఫొటోలో నవ్వుతూ నిలబడింది తను. ఆ కాగితాన్ని కంపెనీలో తోటి ఆడవాళ్లకు చూపించింది తను. "మా పుట్టింటోళ్లు ఇచ్చిందేం లేదు, అత్తగారోళ్లే నా పేరు మీద జాగ రాసిండ్రు" అని గొప్పగా చెప్పుకుంది కూడా తనే. ఆ జాగాలో సగం వదిన వదులుకున్న వాటా అనీ, దానికి బదులుగా ఒక గది మాటిచ్చారనీ చెప్పవలసిన మనిషి రోజూ పక్కనే పడుకుని గుర్రుపెట్టాడు.

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవని."

"నువ్వు చెప్పినవా, నేను ఒప్పుకోకపోవనికి?"

"కొట్లాట ఎందుకని..."

"కొట్లాట ఆగిందా ఇప్పుడు?" ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "మీ అక్కకు అవ్ అన్నవ్. నాకు బాత్రూం అన్నవ్. ఇంజనీరుకు ఏమన్నవ్? కట్టెల కొట్టం అన్నవా? మనిషికొక అబద్ధం. ఎవలకు ఏం చెప్పినవో ఎట్ల యాదిపెట్టుకుంటున్నవ్?"

అతడు నోరు తెరిచే లోపు ఆమె బకెట్టు నీళ్లు వాకిట్లో గుమ్మరించింది. అతడి చెప్పులు తడిశాయి. అతడు జరగలేదు. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తలుపు ఎంతసేపు మూసి ఉండేదో తెలియదు. కానీ పన్నెండున్నరకు బస్సు దిగి లీదియా వచ్చింది. చేతిలో ఒక రేకు పెట్టె, భుజాన దుప్పటి మూట. రాత్రి డ్యూటీ చేసి నేరుగా వచ్చినట్టుంది, కళ్ల కింద నలుపు తేలి ఉంది. కిరాయి గదికి కాదు, కొత్తింటికే వెళ్లి పెట్టె దించింది. చర్చి నుంచి వస్తున్న యోబూ సుసన్నా ఆమెను చూసి వాకిట్లోనే ఆగిపోయారు.

"సామాన్లు తెచ్చుకున్నవా అప్పుడే?" అన్నాడు యోబు.

"కొన్ని తెచ్చిన బాపు. రోజుకింత సర్దుమని చెప్తుండ్రు ఆడ. స్లాబు పడేదాంక పెట్టె ఒక మూలకు ఉంటదని..." అంటూ ఆమె గోడల మధ్య నుంచి లోపలికి చూసింది. "నాదేది, ఈ ఎడమ చేతిదేనా?"

"అది మాది" అంది మనోజ వెనుక నుంచి. ఆమె ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు. జయపాల్ నాలుగడుగుల దూరంలో తడి చెప్పులతో నిలబడ్డాడు. "నీది ఎన్కున్నది వదినా. రా, చూపిస్త."

"మనోజా, నువ్వు ఆగు బిడ్డా" అన్నాడు యోబు.

"ఎందుకు ఆగాలె? ఆమె గది ఆమె చూసుకోవద్దా?"

లీదియా అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది. వంటగదికి వదిలిన సందు దాటి వెనక్కి నడిచింది. ఆ గదికి ఇంట్లోంచి దారి లేదు. వెనక గోడ చుట్టూ తిరిగి, సిమెంటు బస్తాల పక్కనుంచి దూరి వెళ్లాలి. గుమ్మం చూస్తే దొడ్డి వైపుకు ఉంది.

"దర్వాజ బయటికెందుకున్నది?" అంది లీదియా.

"ఎందుకంటే వదినా, ఇది గది కాదు" అంది మనోజ. "ఇది బాత్రూం. నాకు గట్లనే చెప్పిండ్రు. నిన్న ఇంజనీరు వచ్చి కొలిస్తే గది అని తెలిసింది. ఎక్కువ కట్టిండ్రని బిల్లు ఆపిండు. నీకు మాటిచ్చిన సంగతి నాకు పొద్దుగాల తెలిసింది, బట్టలు పిండేటప్పుడు."

లీదియా గోడ మీద చెయ్యి వేసింది. ఇంకా గిలాబు చేయని ఇటుక గరుకుగా ఉంది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"బాత్రూం అని చెప్పినవా బాపు?"

"జయపాల్ గట్ల చెప్దామన్నడు" అన్నాడు యోబు. "ముందు గోడలు లేస్తే తర్వాత నేనే కోడలికి చెప్పుకుంట అనుకున్న."

"నా బిడ్డకు గది అని చెప్పనికి నీకు నోరు రాలే. బాత్రూం అని చెప్పనికి వచ్చింది." ఆమె గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "నేను దొంగసామానా బాపు, దాసిపెట్టి తేనికి? నీ జాగల సగం నాది. నేను అడుక్కోలే. సగం ఇడిసి ఒక గది అడిగిన. ఇంట్ల గది అడిగిన, ఇంటెన్క కాదు. రేపు సుట్టాలొస్తే ఏమంటరు, ఎవలుంటరు అండ్ల అంటే? మా బాత్రూముల మా పెద్దబిడ్డ ఉంటది అంటరా?"

"అక్కా, గట్ల మాట్లాడకు" అన్నాడు జయపాల్.

"నువ్వు మాట్లాడకు. నీ ఇంటర్ ఫీజులు కట్టనికి దవాఖానల డబల్ డ్యూటీలు జేసిన. నేనెప్పుడన్న ఎత్తి చూపిన్నా? ఇయ్యాల చూపిస్తున్న. గంత జేసిన మనిషికి నువ్విచ్చే జాగ ఇదా?"

సుసన్న ఏడవడం మొదలుపెట్టింది. లీదియా తల్లి వైపు కూడా చూడలేదు.

"వదినా" అంది మనోజ, "నీ మీద నాకు కోపం లేదు."

"నాకు నీ మీద ఉన్నది" అంది లీదియా సూటిగా. "నేను రాంగనే బాత్రూం అని ఎట్ల అన్నవ్? గది లేదు వదినా అని చెప్పొచ్చు. మోసం జరిగింది అని చెప్పొచ్చు. నువ్వు నన్ను ఎంటబెట్టుకొని వచ్చి చూపిచ్చినవ్. వాళ్ల మీది కోపం నా మొహాన కొట్టినవ్."

మనోజకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట నిజం. నిజం కనుకే దాన్ని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

"కొడ్తే కొట్టిన. నన్నెవలు కొట్టలేదా? నాకు నోరు లేదా? రేపు ఈ గోడ పోతది. పోకపోతే ఇల్లే పోతది. అండ్ల నా బిడ్డ ఉండాలె."

"పోనీ. పడగొట్టుండ్రి." లీదియా వెనక్కి తిరిగి నడిచింది. ముందు హాల్లోకి వచ్చి రేకు పెట్టె ఎత్తుకుంది. జయపాల్ అందుకోబోతే చెయ్యి విదిలించింది. "గది పోతే నా సంతకం గూడ పోవాలె. సంతకం నాది, ఎప్పుడు ఇయ్యాల్నో ఎప్పుడు తీసుకోవాల్నో నాకు ఎర్కే."

"అన్నం తిని పో బిడ్డా" అంది సుసన్న.

"యాడ కూసోని తినాలె అమ్మా?" అంది లీదియా, పెట్టె మార్చుకుని పట్టుకుంటూ.

ఆమె ఆగలేదు.

సోమవారం మనోజ డ్యూటీకి పోలేదు. వ్యాను వచ్చి హారను కొట్టి పోయింది. ఆమె పాత చీర కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని కొత్తింటికి వచ్చేసరికి యోబు ముందు గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆయన ఏమీ తినలేదని సుసన్న చెప్పింది. మనోజ జాలిపడలేదు. జాలిపడే స్థితిలో లేదు.

"గడ్డపార ఏది మామా?"

ఆయన గోడకు ఆనించి ఉన్న గడ్డపార చూపించాడు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. వెనక గోడ పడే చప్పుడు వినడానికి సిద్ధమైనట్టు భుజాలు బిగించుకున్నాడు.

మనోజ గడ్డపార తీసుకుంది. వెనక్కి పోలేదు.

"లే. దర్వాజ ఊడబీకు ముందుగాల. అది పగులుతే మళ్ల కొనలేం."

యోబు అర్థం కానట్టు చూశాడు.

"ముందటి గోడే జరుపుదాం నాలుగడుగులు. నువ్వన్న లెక్కనే. ఎన్క గదికి బయటి దర్వాజ మూసేయ్, వంటింట్లకెళ్లి దారి తియ్యి. స్తుతి మంచం గూడ అండ్లనే పడ్తది, మీ బిడ్డ పక్కకు. ఎవ్వలు దొడ్లకెళ్లి తిరిగి రావద్దు ఈ ఇంట్లకు."

"బిడ్డా..." యోబు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడవకు మామా. నీ కోసం కాదు. ఆమె సగం జాగ మీద నిలబడి, ఆమె గోడ కూలగొట్టి, ఇది నా ఇల్లు అని నేను పండుకోలేను. గంతే. నాకు నీ మీద కోపం పోలే. నీ కొడుకు మీద అసలే పోలే."

ఇద్దరూ పనిలోకి దిగారు. దర్వాజ పెట్టిన నాడు పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, అందరికీ శనగలు పంచారు. ఆ చట్రాన్ని యోబు చుట్టూ మాలు చెక్కి, చిగురు నుంచి పన్ను తీసినంత జాగ్రత్తగా ఊడదీశాడు. తర్వాత పై వరసల నుంచి గోడ దించడం మొదలుపెట్టారు. పనికొచ్చే ఇటుకల్ని ఆయన విడిగా పేర్చాడు. మనోజ గడ్డపార వేటు వేటుకూ ఏదో ఒక మాట గుర్తుకు వచ్చింది. బాత్రూం. అవ్ అక్కా. కొట్లాట ఎందుకని. పది గంటలు దాటేసరికి ముందు గోడ నడుం ఎత్తుకు దిగింది. బజారున పోయేవాళ్లు ఆగి, కడుతున్న ఇల్లును కూలుస్తున్నారేమిటని అడిగి, జవాబు రాక పోయారు.

సుసన్న ఫ్లాస్కులో చాయ తెచ్చింది. గోడను చూసింది. భర్త చెప్పగా అంతా విన్నది. కోడలి చేతికి గ్లాసు ఇస్తూ, రెండు రోజుల్లో మొదటిసారిగా తన మనసులోని మాట అడిగింది.

"స్తుతి మంచం అండ్ల ఏస్తున్నవని లీదియాను అడిగినవా?"

మనోజ చాయ నోటి దగ్గరే ఆగింది.

"అడిగేదేమున్నది అత్తమ్మా. గది ఇస్తున్న కదా."

"వీళ్లు గూడ ఇస్తున్నమనే అనుకున్నరు" అంది సుసన్న. అంతే అంది. ఫ్లాస్కు మూత బిగించి ఇటుకల దొంతి మీద కూర్చుంది.

మనోజకు కోపం వచ్చింది. అత్త మీదనా, తన మీదనా తెలియలేదు. తనను అడగలేదని మూడు రోజులుగా నిప్పులు చెరిగిన మనిషి, పొద్దున లేచి ఎవరిని అడిగి గోడ పడగొట్టింది? లీదియాను అడగలేదు. గురుకులంలో ఉన్న పిల్లకు ఒక ఫోనైనా చేయలేదు. చాయ చల్లారిపోయింది. తాగకుండానే గ్లాసు కింద పెట్టింది.

అప్పుడే జయపాల్ ట్రాలీ ఆటో సందులోకి వచ్చింది. పెద్ద అంబర్‌పేట్‌కు సామాన్ల కిరాయి ఉందని పొద్దున్నే పోయిన మనిషి ఇంత తొందరగా రావలసిన పని లేదు. అతడు దిగి, ముందు గోడ లేని ఇల్లు చూసి ఒక్క క్షణం బిత్తరపోయాడు.

"ముందటిదా పడగొట్టింది? ఎవలు చెప్పిండ్రు?"

"ఏమైంది, అది చెప్పు" అంది మనోజ.

"ఇంజనీరు ఫోను చేసిండు. అక్క ఇబ్రహీంపట్నంల మండలాఫీసుకు పోయిందట. నా సంతకం నేను వాపస్ తీసుకుంటున్న, జాగల నాకు వాటా ఉన్నది అని కాయితం రాసుకొని పోయిందట. అది తేలేదాంక ఒక్క ఇటుక గూడ కదపొద్దన్నడు ఆయన. కట్టుడు లేదు, కూలగొట్టుడు లేదు. బుధవారం రాడట."

యోబు చేతిలోని ఇటుక అలాగే ఉండిపోయింది. దాన్ని దొంతి మీద పెట్టాలా, కింద వదలాలా తెలియక నిలబడ్డాడు. వెనక గది నిక్షేపంగా ఉంది. ఇంటి ముఖం మాత్రం బజారుకు తెరుచుకుని ఉంది. ఊడదీసిన దర్వాజ గోడకు ఆనించి పెట్టారు.

"నేను పోయి అక్కతోని మాట్లాడుత" అన్నాడు జయపాల్.

"నువ్వా?" మనోజ తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి దులిపింది. "నువ్వు మాట్లాడిన కాడికి చాలు. ఈడ కూసో. దర్వాజకు కాపలా ఉండు."

"నేను ఆటోల దింపుత."

"బస్సున్నది."

చేతులు కడుక్కోవడానికి కూడా ఆగలేదు. రోడ్డు మీదికి వచ్చి, దొరికిన బస్సెక్కి, ఇబ్రహీంపట్నంలో దిగి, ఎండలో మండలాఫీసు దాకా నడిచింది. దారి పొడుగునా వదినతో అనాల్సిన మాటలు పేర్చుకుంది. నన్ను ఒక్కమాట అడక్కుండా ఆఫీసుకెట్ల పోయినవ్ అనాలనుకుంది. ఆ మాట దగ్గరికి వచ్చిన ప్రతిసారీ సుసన్న మొహం అడ్డం వచ్చింది. మళ్లీ మొదటినుంచి పేర్చుకుంది.

వరండాలో బల్ల మీద లీదియా కూర్చుని ఉంది. పక్కన రేకు పెట్టె లేదు, ఒళ్లో చిన్న సంచి ఒక్కటే ఉంది. రాత్రి ఎక్కడ పడుకుందో ఏమో, నిన్నటి చీరలోనే ఉంది. సిమెంటు దుమ్ముతో తెల్లబడ్డ మరదలి చేతుల్ని, చీర కుచ్చిళ్లను పైనుంచి కిందికి చూసింది. గోడ పడిందని ఆమెకు అర్థమైంది. ఏ గోడో అర్థం కాలేదు.

"కూలగొట్టినవా?" అంది.

"కూలగొట్టిన."

లీదియా దవడ బిగుసుకుంది. "మంచి పని చేసినవ్. కాయితం లోపలికి పోయింది. సారు వచ్చినంక పిలుస్తమన్నరు. నువ్వు దేనికొచ్చినవ్ ఇంక? నాతోని కొట్లాడనికా?"

మనోజ బల్ల మీద ఆమె పక్కనే కూర్చుంది. ఊపిరి ఇంకా అందడం లేదు.

"అవ్" అంది. "కొట్లాడనికే వచ్చిన. ఒకటి అడగనికి గూడ. జర జరుగు."